స్కాట్లాండ్ డిస్టిలరీ నుంచి ఇంటికి ఏ సీసా తెచ్చుకోవాలి?

మొదటిసారి స్కాట్లాండ్ నుంచి హైదరాబాద్ వస్తూ నేను మూడు విస్కీ సీసాలు తెచ్చాను. మనకి ఫుల్ బాటిల్ అంటే 750 ఎం.ఎల్., అక్కడిది 700. చిన్న సీసాలే కదా, మూడైనా ఫర్వాలేదులే అని గుడ్డి లెక్క వేసుకున్నాను. కస్టమ్స్ ఆఫీసర్ కాలిక్యులేటర్ కూడా తీయలేదు. "ఏడు మూళ్లు ఇరవై ఒకటి సార్" అన్నాడు. రెండు లీటర్ల వంద మిల్లీలీటర్లు. పరిమితి రెండు లీటర్లు. చిన్న గ్లాసుడు విస్కీ ఎక్కువైనందుకు సుంకం కట్టి, కొన్నప్పటి సంబరమంతా ఆ కౌంటర్ దగ్గరే వదిలేసి బయటపడ్డాను.

అంతకంటే చిన్నతనం అనిపించిన సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. ఆ మూడింట్లో రెండు హైదరాబాద్‌లో మా వీధి చివరి షాపులోనే దొరుకుతాయి. అంత దూరం వెళ్లి, మోసుకొచ్చి, సుంకం కట్టింది వాటికోసం!

ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్లాను. మా తమ్ముడు గ్లాస్గోలో చదువుకునే రోజుల్లో ఒకసారి, మా ఆవిడతో కలిసి ఒకసారి. ఇప్పుడు నా పద్ధతి ఒకటి కుదిరింది. దాన్నే వరసగా చెబుతాను.

మొదటి పని: సూట్‌కేసు లెక్క తేల్చుకోండి

ఇండియాకి తిరిగొచ్చే ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగిన మద్యం 2 లీటర్లు. విస్కీ, వైన్, ఏదైనా సరే, అన్నీ కలిపి. స్కాట్లాండ్‌లో మామూలు సీసా 70 సెంటీలీటర్లు, అంటే 700 ఎం.ఎల్. రెండు సీసాలకి 1.4 లీటర్లు అయిపోయింది. మిగిలేది 600 ఎం.ఎల్. ఆ 600లోకి మూడో పెద్ద సీసా పట్టదు. కానీ ఒక 50 సెంటీలీటర్ల సీసా పడుతుంది. లేదా 20 సెంటీలీటర్ల చిన్న సీసాలు మూడు సరిగ్గా సరిపోతాయి. 5 సెంటీలీటర్ల మినియేచర్లయితే డజను. కాబట్టి నా సూత్రం ఇది: రెండు పెద్దవి, మిగతాది చిల్లర.

ఇక్కడ చాలామంది జారిపడేది మూడుచోట్ల.

ఒకటి, భార్యాభర్తలిద్దరూ వస్తుంటే నాలుగు లీటర్లు కదా, 700ల సీసాలు ఐదు తెస్తే మూడున్నరే కదా అనుకుంటారు. ఒకరి పరిమితిని ఇంకొకరి పరిమితితో కలపడానికి వీల్లేదు. ఐదు సీసాలంటే ఎవరో ఒకరి వాటాకి మూడు వస్తాయి, మళ్లీ ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఇద్దరికీ తలా రెండు, పైన తలా ఒక అర లీటరు సీసా. అక్కడితో ఆగండి.

రెండు, శంషాబాద్‌లో దిగాక బ్యాగులు తీసుకునే ముందు కనిపించే డ్యూటీ ఫ్రీ షాపు. అక్కడ కొన్నది కూడా ఆ రెండు లీటర్లలోదే. స్కాట్లాండ్ నుంచి రెండు తెచ్చి, దిగాక లీటర్ సీసా ఇంకోటి బుట్టలో వేసుకుంటే లెక్క దాటిపోయినట్టే.

మూడు, విలువ. రెండు లీటర్ల లోపే అయినా సీసాల ఖరీదు మీ మొత్తం సామాను ఉచిత పరిమితిలో కలుస్తుంది. పాతికేళ్ల విస్కీ ఒక్కటి తెస్తే ఆ ఒక్కదానితోనే పరిమితి దాటొచ్చు. బిల్లులు పారేయకండి, పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. పరిమితికి మించిన మద్యానికి మామూలు సామాను సుంకం రేటు వర్తించదు, అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది.

2025 జులైలో భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందంలో స్కాచ్ మీద 150 శాతం సుంకాన్ని ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గించాలని ఉంది. "ఇంక ఎన్ని సీసాలైనా తెచ్చుకోవచ్చటగా" అని మా బావగారు ఫోన్ చేశారు. అది దిగుమతి చేసుకునే వ్యాపారుల సంగతి. సూట్‌కేసులో తెచ్చుకునే రెండు లీటర్ల పరిమితికి దానితో సంబంధం లేదు.

రెండో పని: ఎవరు తాగుతారో అనుకోండి

విదేశం నుంచి వస్తున్నామంటే చాలు, "ఒక సీసా పట్రా" అనని చుట్టం ఉండడు. ఏ సీసా అని ఎవరూ చెప్పరు. మా మావయ్య ఏ మందైనా సోడాతో గ్లాసు నిండా కలిపి, పక్కన పల్లీలు పెట్టుకుని తాగుతారు. ఆయనకి డిస్టిలరీలో మాత్రమే అమ్మే సీసా తెచ్చి, దాంట్లో సోడా పోస్తుంటే గుండె చేత్తో పట్టుకుని చూడటం నా తప్పే. ఆయన తప్పు ఎంతమాత్రం కాదు. ఆయనకి మంచి బ్లెండెడ్ విస్కీ (వేర్వేరు డిస్టిలరీల విస్కీలు కలిపి చేసేది) చాలు, అది శంషాబాద్‌లోనే తీసుకోవచ్చు. మీ రెండు లీటర్లలో ఆయన వాటా ఎంతో ముందే పక్కన పెట్టండి.

మిగతాది మీకు, మీతో కూర్చుని నెమ్మదిగా తాగేవాళ్లకి. ఈ వ్యాసంలో ఇకమీద చెప్పేదంతా ఆ సీసాల గురించే.

మూడో పని: డిస్టిలరీని ఎంచుకోవడం

స్కాట్లాండ్‌లో నడుస్తున్న డిస్టిలరీలు 150కి పైనే. చట్టం గుర్తించిన ప్రాంతాలు ఐదు: హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, కాంబెల్‌టౌన్, ఐలా. చివరిదాన్ని మనవాళ్లు స్పెల్లింగ్ చూసి 'ఇస్లే' అంటారు, అక్కడివాళ్లు 'ఐలా' అంటారు. ఐలా అంటే పొగ, స్పేసైడ్ అంటే పళ్లు అని చెప్పేవాళ్లని సగమే నమ్మండి. ఐలాలోనే ఉన్న బున్నహావెన్ విస్కీల్లో చాలావాటికి పొగ వాసనే ఉండదు. గ్లాస్గోకి అరగంట దూరంలో గ్లెన్‌గోయిన్ ఉంది. దాని రాగి బట్టీలేమో హైలాండ్‌లో ఉంటే, రోడ్డు అవతల పీపాలు పెట్టే గోదాములు లోలాండ్‌లో ఉన్నాయి. ప్రాంతం పేరు రుచికి గ్యారంటీ ఏమీ కాదు.

కారు లేకపోతే రైలు దారిలో ఉన్నవి చూసుకోండి. ఎడిన్‌బరా నుంచి రెండు గంటల్లోపే పిట్లోక్రీ చేరొచ్చు. ఆ ఊళ్లోనే నడుచుకుంటూ వెళ్లగలిగిన బ్లెయిర్ ఆథోల్ ఉంది. అక్కడ చేసేదాంట్లో చాలాభాగం బెల్స్ అనే బ్లెండ్‌లోకి పోతుంది, సొంత పేరుతో బయట అంతగా దొరకదు. మనకి కావాల్సింది సరిగ్గా అలాంటిదే. ఊరికి కాస్త పైన ఎడ్రడౌర్ ఉంది, చిన్న పల్లెటూరి డిస్టిలరీ. అబర్డీన్, ఇన్వర్‌నెస్ మధ్య రైల్లో వెళితే కీత్ స్టేషన్‌లో దిగి, నడిచి స్ట్రాత్‌ఐలాకి వెళ్లొచ్చు. 1786లో మొదలైంది. షివాస్ రీగల్ తాగేవాళ్లు దాని పుట్టిల్లు చూసినట్టవుతుంది. గ్లాస్గో నుంచి రైలెక్కి మూడు గంటలు కూర్చుంటే ఓబన్ పట్నం నడిబొడ్డునే డిస్టిలరీ.

ఐలాకి వెళ్లాలంటే కెన్నక్రెయిగ్ నుంచి ఓడ పట్టుకోవాలి, సుమారు రెండు గంటలు. అక్కడ పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి తూర్పుగా ఒకే రోడ్డు మీద లఫ్రోయ్గ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ వరసగా ఉంటాయి, నడకదారి కూడా ఉంది. మూడూ 1815, 1816 నాటివి. నన్నడిగితే, స్కాట్లాండ్‌లో రెండు రోజులే ఉన్నవాళ్లు ఐలా ఆశ వదిలేసి పిట్లోక్రీకి వెళ్లడం మేలు. గాలి ఎక్కువైతే ఓడలు రద్దవుతాయి. దీవిలో చిక్కుకుని ఫ్లైట్ మిస్సయ్యే టెన్షన్‌తో తాగిన విస్కీ ఏదీ రుచించదు.

టూర్ ముందే బుక్ చేసుకోండి. వేసవిలో కొన్ని వారాలు మరమ్మతుల కోసం బట్టీలు ఆపేస్తారు. అప్పుడు వెళితే షాపు తెరిచే ఉంటుంది కానీ, ఆ వేడి, పులిసిన వాసన ఏమీ ఉండవు. బుక్ చేసేటప్పుడే అడగండి. మనలో ఎవరైనా సారా బట్టీ చూసిన పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఆ రాగి స్టిల్ ఎదుట నిలబడి "ఓస్, ఇంతేనా, మన కుండకి బదులు రాగి పాత్ర" అంటారు. పద్ధతిలో పెద్ద తేడా లేదు, నిజమే.

నాలుగో పని: ఇంట్లో దొరికేదాన్ని పక్కన పెట్టండి

బయలుదేరే ముందు మీ ఊళ్లో మంచి షాపులో ఏ సింగిల్ మాల్టులు (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతో మాత్రమే చేసినవి) ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గ్లెన్‌ఫిడిక్ 12, గ్లెన్‌లివెట్ 12 లాంటివి మన దగ్గర పెద్ద షాపుల్లో ఉంటాయి. విమానాశ్రయాల్లో లీటర్ సీసాలు వరసగా ఉంటాయి, అవి రెండు కొంటే చాలు మీ పరిమితి అయిపోయింది. డిస్టిలరీ షాపులో ఏదైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ ఫొటోలో ఉందేమో చూడండి. ఉంటే తిరిగి పెట్టేయండి.

మిగిలేవి మూడు రకాలు. ఆ డిస్టిలరీలో తప్ప ఇంకెక్కడా అమ్మని ప్రత్యేక సీసాలు. అక్కడే పీపా నుంచి మీ చేత్తో నింపుకునే సీసాలు. ఇక మూడోది చాలామంది పట్టించుకోనిది: స్వతంత్రంగా పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో పోసే కంపెనీల సరుకు. 1842 నాటి కేడెన్‌హెడ్స్, ఎల్గిన్ పట్నంలో 1895లో కిరాణా కొట్టుగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్, 1988లో పెట్టిన సిగ్నేటరీ అలాంటివి. డిస్టిలరీ వాళ్లే అమ్మని వయసు, వాళ్లు వాడని పీపా ఇక్కడ కనిపిస్తాయి. ఎల్గిన్ వైపు వెళితే ఆ పాత షాపులో ఒక గంట గడపండి. డిస్టిలరీ చూసిన దానికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఐదో పని: రుచి గదిలో ముక్కుని నమ్మండి

రుచి చూడని సీసా కొనొద్దు. ఇదొక్కటే నేను గట్టిగా పట్టుబట్టేది. చాలా డిస్టిలరీల్లో టూర్ చివర రెండు మూడు రకాలు పోస్తారు. ప్రత్యేక సీసా అందులో లేకపోతే అడగండి, డబ్బిచ్చి ఒక చిన్న కొలత తాగనిస్తారు. ఆ రోజు పొద్దున్న ఊరగాయతో టిఫిన్ తినకండి, నాలుక గంటసేపు పనికిరాదు.

గ్లాసులోకి ముక్కు పూర్తిగా దించకండి. ఘాటు ముక్కుకెక్కి ఇంకేమీ తెలియదు. గ్లాసుని గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తీసుకురండి. ఒక గుక్క తాగి, తర్వాత రెండు చుక్కల నీళ్లు వేసి మళ్లీ వాసన చూడండి. వేరే విస్కీ అయిపోతుంది. పొగ ఉన్నవి చివర తాగాలి, లేకపోతే తర్వాతవన్నీ పొగగానే ఉంటాయి.

గైడ్ చెప్పే హెదర్ పువ్వు, గూస్‌బెర్రీ, క్రిస్మస్ కేక్ మనకి తెలియవు. తెలియనక్కర్లేదు కూడా. నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఇవి. లఫ్రోయ్గ్ దగ్గర: "చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే కాంపౌండర్ మోకాలికి రాసిన టించర్ అయోడిన్." షెర్రీ అనే స్పెయిన్ వైన్ పోసిన పీపాలో పెరిగిన గ్లెన్‌ఫార్‌క్లస్ దగ్గర: "అరిసెల పాకం కాస్త ముదిరిపోయింది, పక్కన ఎండు ఖర్జూరం." బర్బన్ అనే అమెరికా విస్కీ పోసిన పీపాలో పెరిగినదానికి: "పచ్చి కొబ్బరి, చక్కెరకేళి." కాంబెల్‌టౌన్‌లో స్ప్రింగ్‌బ్యాంక్ దగ్గర: "వానలో తడిసిన గోనెసంచి, నూనె, ఉప్పు." మూడు నెలల తర్వాత షాపు పేర్లు మరిచిపోయినా ఈ మాటలు చదివితే గ్లాసు గుర్తొస్తుంది. మీరూ మీ వంటింటి మాటల్లోనే రాసుకోండి.

ఆ వాసనలకి కారణం తెలిస్తే ఎంచుకోవడం తేలిక. అమెరికాలో బర్బన్ పోసి ఖాళీ చేసిన పీపాలు సుమారు 200 లీటర్లవి, వాటిలోంచి వెనిలా, కొబ్బరి తరహా తీపి వస్తుంది. షెర్రీ పీపాల్లో పెద్దవి 500 లీటర్లదాకా ఉంటాయి, వాటి నుంచి ఎండు పళ్లు, మసాలా. పొగ మాత్రం పీపాది కాదు. మొలకెత్తిన బార్లీని పీట్ అనే బురద గడ్డల మంట మీద ఆరబెట్టడం వల్ల వస్తుంది. దాన్ని పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలో కొలుస్తారు: లాగవూలిన్ బార్లీ 35 దగ్గర, ఆర్డ్‌బెగ్‌ది 55 దగ్గర. ఆ అంకె బార్లీది, సీసాలో విస్కీది కాదు. అంకె పెద్దదైనంత మాత్రాన గ్లాసులో పొగ అంతే ఎక్కువ ఉండదు. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ పొగ మెత్తబడుతుంది. పొగ ఇష్టమైతే తక్కువ వయసు సీసా తీసుకోండి, డబ్బూ కలిసొస్తుంది.

కారు నడిపేవాళ్లు తాగొద్దు. స్కాట్లాండ్‌లో డ్రైవర్ల పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, ఇంగ్లాండ్‌లో 80. రెండు చిన్న కొలతలతోనే ఇబ్బంది రావొచ్చు. అడిగితే డ్రైవర్ వాటా చిన్న సీసాల్లో పోసి ఇస్తారు. రాత్రి బసకి వెళ్లి తాగొచ్చు. నిజానికి గుంపులో కంటే అక్కడే రుచి బాగా తెలుస్తుంది.

ఆరో పని: లేబుల్ చదవడం

స్కాచ్ అనాలంటే స్కాట్లాండ్‌లో, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి, సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లు, రంగు కోసం కారమెల్ తప్ప ఇంకేమీ కలపకూడదు. 2009 నాటి నిబంధనలివి. అంటే ముదురు రంగు చూసి పాతదనుకోవద్దు. ఆ రంగు చక్కెర మాడ్చినది కావచ్చు. లేబుల్ మీద 'నేచురల్ కలర్' అని ఉంటే పీపా ఇచ్చిన రంగే.

12 అని ఉంటే అందులో అన్నింటికంటే చిన్నదాని వయసు 12. పాతవి కూడా కలిసి ఉండొచ్చు. అంకె లేకపోతే చెడ్డదని కాదు. ఆబర్లార్ అబూనాకి వయసు ఉండదు, కానీ షెర్రీ పీపా ఇష్టమైనవాళ్లు బ్యాచ్ బ్యాచ్‌కీ వెతుక్కుని కొంటారు. వయసు కంటే నేను ముందు చూసేది శాతం. 40 ఉంటే తిరిగి పెట్టేస్తాను, ఇంత దూరం వచ్చి నీళ్లు మోయడం ఎందుకని. 46, ఆపైన ఉంటే చాలావరకు 'నాన్ చిల్ ఫిల్టర్డ్', అంటే చల్లబరిచి వడకట్టనిది అని రాసి ఉంటుంది. అలాంటిదాంట్లో ఐస్ వేస్తే కాస్త మబ్బు పట్టినట్టవుతుంది. పాడైందని గాభరా పడకండి, అందులోని నూనె పదార్థాలు చలికి అలా బయటపడతాయి. రుచికి మంచిదే.

'కాస్క్ స్ట్రెంగ్త్' అంటే పీపాలోంచి తీసింది నీళ్లు కలపకుండా పోసినది. 55 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. గ్లెన్‌ఫార్‌క్లస్ 105 అలా 60 శాతం. మన ఇండియన్ విస్కీ సీసా మీద 42.8 ఉంటుంది కదా, దానికి ఒకటీ పాయింట్ నాలుగు రెట్లు. ఇంట్లో అలవాటు ప్రకారం 60 ఎం.ఎల్. లార్జ్ పోస్తే మనిషి తట్టుకోలేడు. కానీ సూట్‌కేసు లెక్క చూడండి: రెండు లీటర్ల పరిమితి ద్రవానికే, ఘాటుకి కాదు. నీళ్లు మీ ఇంట్లో కలుపుకోవచ్చు. అదే పరిమితిలో ఎక్కువ విస్కీ తెచ్చుకున్నట్టు. నాకైతే ఈ ఒక్క ఆలోచనతో ప్రయాణం ఖర్చు కిట్టుబాటైనట్టు అనిపిస్తుంది.

చేత్తో నింపుకునే సీసా

దీని గురించి విడిగా చెప్పాలి. షాపు మూల ఒక పీపా పడుకోబెట్టి ఉంటుంది. మీద సుద్దతో నంబరు, పక్కన లావుపాటి పుస్తకం. డబ్బు కట్టాక ఖాళీ సీసా చేతికిస్తారు. కొన్నిచోట్ల కుళాయి, కొన్నిచోట్ల వాలించ్ అనే పొడవాటి గొట్టం. దాన్ని పీపాలోకి దించి, పై చిల్లుని బొటనవేలితో మూసి ఎత్తితే విస్కీ గొట్టంలో నిలబడుతుంది. వేలు తీస్తే సీసాలోకి జారుతుంది. మొదటిసారి నేను వేలు తొందరగా తీశాను, చొక్కా చేతులు తడిసిపోయాయి. చూస్తున్న అమ్మాయి నవ్వి, "అది ఏంజిల్స్ వాటా" అంది. పీపాల్లోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోయేదాన్ని అక్కడ దేవతల వాటా అంటారు. బెంగళూరులో అమృత్ వాళ్లకి మన ఎండ దెబ్బకి అది 10 శాతం దాటుతుంది.

సీసా నిండాక బిరడా బిగించి, పీపా నంబరు, శాతం, తేదీ పెన్నుతో రాసి, పుస్తకంలో మీ పేరు రాయిస్తారు. ఐలాలోని బ్రూయిక్‌లాడీలో ఇలాంటి వాలించ్ సీసాలు 50 సెంటీలీటర్లవి. మన 600 ఎం.ఎల్. ఖాళీలోకి సరిగ్గా పడతాయి.

ఒక జాగ్రత్త. రాసిన సిరా కొద్ది తడికే పోతుంది. కొన్న వెంటనే ఫొటో తీసి, లేబుల్ మీద ప్లాస్టిక్ టేప్ అంటించండి. బిరడాకి సీలు వేయించుకోవడం మరిచిపోవద్దు. విమానంలో సీలు లేని సీసాతో గొడవ రావొచ్చు.

ధర సంగతి

బ్రిటన్‌లో షాపులో రాసిన ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌లో అది తిరిగిస్తారని పాత బ్లాగుల్లో రాసి ఉంటుంది, నమ్మకండి. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో ఆ పద్ధతి 2021 జనవరి నుంచి లేదు. స్కాట్లాండ్‌లో షాపులు మద్యం పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకే అమ్ముతాయి. కొనేవాళ్లు పాతికేళ్ల లోపు కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు.

"దాచుకుంటే ధర పెరుగుతుంది" అని ఎవరైనా అంటే ఒక దండం పెట్టేయండి. పీపాలో పెట్టుబడి పెట్టమని వచ్చే ఫోన్లకి రెండు దండాలు.

ప్యాకింగ్, విమానం

విమానంలో 24 నుంచి 70 శాతం మధ్య మద్యం మనిషికి 5 లీటర్ల దాకా, షాపు సీలుతో, చెకిన్ బ్యాగులో పెట్టొచ్చు. 70 దాటితే అసలు వీల్లేదు. బట్టీ నుంచి దిగగానే సీసాలో పోసి అమ్మే తెల్లటి స్పిరిట్ సరదాగా కొనేవాళ్లు ఆ శాతం చూసుకోండి.

బరువు మరిచిపోకండి. నిండు సీసా, డబ్బాతో కలిపి కిలోన్నర అనుకోండి. రెండు పెద్దవి, ఒక అర లీటరు కలిపితే నాలుగు కిలోలు. అందుకే వెళ్లేటప్పుడు ఆవకాయ, పిండివంటలతో సూట్‌కేసు నింపి, అక్కడ తమ్ముడి దగ్గర దించేస్తే వచ్చేటప్పుడు చోటు దానంతటదే దొరుకుతుంది.

బిరడా చుట్టూ మెడ మీద టేప్ నాలుగు చుట్లు, తర్వాత జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి. దాన్ని మందపాటి సాక్సులో దూర్చి, జీన్స్ ప్యాంటులో చుట్టి, సూట్‌కేసు మధ్యలో పెట్టండి. నాలుగు వైపులా కనీసం మూడు వేళ్ల మందం బట్ట ఉండాలి. రెండు సీసాలు ఒకదానికొకటి తగలకూడదు. రేకు డబ్బా ఉంటే వదిలేయకండి. మా రెండో ప్రయాణంలో చోటు కోసం డబ్బా పారేశాను. సీసా పగల్లేదు కానీ, బిరడా కారి, మా ఆవిడ పట్టుచీర మీద పడింది. ఐలా పొగ. మూడుసార్లు డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా ఆ చీర కట్టుకుంటే ఇప్పటికీ భోగి మంట దగ్గర నిలబడ్డట్టుంటుంది.

చేతి సంచిలో తేవాలనుకోకండి. మొదటి ఎయిర్‌పోర్ట్‌లో వదిలినా మధ్యలో మారేచోట మళ్లీ చెకింగ్ ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌లోనే కొన్నదైతే సీలు వేసిన సంచి విప్పకుండా, బిల్లు కనిపించేలా ఉంచండి. ఢిల్లీ, ముంబయిల్లో దిగి ఇంటికి ఇంకో విమానం ఎక్కేవాళ్లకి కస్టమ్స్ అక్కడే. తర్వాతి విమానానికి ఆ సీసాని కూడా చెకిన్ బ్యాగులోకి మార్చాలి, లేదంటే సెక్యూరిటీ దగ్గర పోతుంది. టికెట్ చవకని కువైట్ లాంటి మద్య నిషేధం ఉన్న చోట బ్యాగు బయటికి తీసుకుని మళ్లీ ఇవ్వాల్సిన ప్రయాణం పెట్టుకోకండి.

ఇంటికొచ్చాక

వైన్‌లా పడుకోబెట్టొద్దు. ఘాటైన విస్కీ బిరడాకి తగులుతూ ఉంటే అది చివికిపోతుంది. నిలబెట్టి, ఎండ తగలని అల్మరాలో పెట్టండి. మన ఎండల్లో వంటింటి పైఅరలు, బాల్కనీ పక్క షోకేసు పనికిరావు. బీరువాలో కింద అర మంచిది. సీసాలో విస్కీ పాతబడదు. 12 ఏళ్లది పదేళ్లు దాచినా 12 ఏళ్లదే. కాబట్టి పెళ్లికో, రిటైర్‌మెంటుకో అని దాచుకోవడంలో తప్పు లేదు కానీ, అందుకోసం రుచి పెరుగుతుందని ఆశపడొద్దు.

తెరిచాక సగం దాకా నిశ్చింతగా ఉండొచ్చు. సగం దాటాక లోపల గాలి ఎక్కువై, వారాలు నెలలు గడిచేకొద్దీ వాసన చప్పబడుతుంది. అప్పుడు మిగిలినదాన్ని చిన్న సీసాలోకి అంచుదాకా పోసి మూసేస్తాను. స్కాట్లాండ్‌లో కొన్న 20 సెంటీలీటర్ల సీసాలు ఖాళీ అయ్యాక అందుకే ఉంచుకున్నాను. ఇప్పుడు మా బీరువాలో ఒకటి ఉంది, బ్లెయిర్ ఆథోల్‌లో చేత్తో నింపిన సీసాలో చివరి పావు. దాని మీద మా ఆవిడ స్కెచ్ పెన్నుతో "మావయ్యకి ఇవ్వొద్దు, సోడా పోస్తారు" అని రాసి అంటించింది.